పిల్లలు హెల్మెట్ వద్దని మొండికేస్తుంటే ఏం చేయాలి?

"కొని తెచ్చాం, రెండు రోజులు పెట్టుకున్నాడు, ఇప్పుడు ముట్టుకోవడం లేదు." "మా అమ్మాయి మేం చూస్తున్నంత సేపు పెట్టుకుంటుంది, మలుపు తిరగగానే తీసి హ్యాండిల్‌కు తగిలిస్తుంది." పిల్లలకు సైకిలో, స్కేట్‌లో కొన్న తల్లిదండ్రులు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. హెల్మెట్ వద్దనే పిల్లల్లో చాలామందిని అది నిజంగానే ఇబ్బంది పెడుతూ ఉంటుంది. నుదుటికి ఒరుసుకుంటుంది, కళ్ల మీదికి జారుతుంది, చెవి దగ్గర పట్టీ కోసుకుంటుంది. చిన్నవాళ్లకు అది విడమరిచి చెప్పడం రాదు, "నాకొద్దు" అంటారు. మనం మొండితనం అనుకుని కసురుకుంటాం. మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు, మొదటి రోజే తొందరలో బకిల్ నొక్కుతూ గడ్డం కింద చర్మం ఇరికించేశాను. వాడు కెవ్వుమన్నాడు. ఆ తర్వాత నెల రోజుల పాటు హెల్మెట్ చూస్తే చాలు, రెండు చేతులతో గడ్డం మూసుకునేవాడు. తప్పు నాది, మొండివాడన్న పేరు మాత్రం వాడికి వచ్చింది. అందుకే ముందు తలకు కుదర్చండి, అలవాటు సంగతి తర్వాత. ఈ వరస తిరగబడితే ఎంత బతిమాలినా ఫలితం ఉండదు.

హెల్మెట్ పనిచేసే తీరు తెలుసుకోవడం కష్టమేం కాదు. పైడొప్ప కింద థర్మోకోల్ లాంటి మందపాటి పొర ఉంటుంది. తల నేలకు కొట్టుకున్నప్పుడు ఆ పొర నలిగి, దెబ్బ జోరును చాలావరకు తనలోకి తీసుకుంటుంది. వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ అనే సంస్థ సైకిల్ ప్రమాదాల అధ్యయనాలపై చేసిన సమీక్షలో, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లకు తలకు, మెదడుకు గాయమయ్యే ముప్పు 63 నుంచి 88 శాతం తక్కువగా ఉన్నట్టు తేలింది. అయితే అది తల మీద సరైన చోట, కదలకుండా ఉంటేనే ఉపయోగం.

కావలసినవి

- బట్టలు కొలిచే మెత్తటి టేపు. లేకపోతే ఒక దారం, స్కేలు
- పిల్లలు ఆడే ఆటకు తగిన హెల్మెట్
- అద్దం
- ఎక్కడికీ వెళ్లే తొందర లేని పదిహేను నిమిషాలు
- మీరు కూడా సైకిల్ తొక్కితే మీకూ ఒక హెల్మెట్. ఇది తప్పనిసరి, ఎందుకో కింద చెబుతాను.

1. ఏ ఆటకు ఏ హెల్మెట్టో తేల్చుకోండి

సైకిల్, కాలితో తోసే స్కూటర్, రోలర్ స్కేట్లు, వీటికి సైకిల్ హెల్మెట్ సరిపోతుంది. స్కేట్‌బోర్డు మీద విన్యాసాలు నేర్చుకునే పిల్లలు పదే పదే, ఎక్కువగా వెనక్కి పడతారు. వాళ్లకు తల వెనక భాగాన్ని కిందిదాకా కప్పే స్కేట్ హెల్మెట్ మంచిది.

టూవీలర్ మీద వెనక కూర్చునే పిల్లల సంగతి వేరు. ఆ వేగానికి సైకిల్ హెల్మెట్ చాలదు, పిల్లల సైజులో దొరికే మోటార్‌సైకిల్ హెల్మెట్టే కావాలి. వీలైతే ముఖమంతా కప్పేది తీసుకోండి. పెద్దవాళ్ల హెల్మెట్‌ను పిల్లల తలకు తగిలించడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. అది బరువుతో మెడను లాగుతుంది, పడినప్పుడు ఊడిపోతుంది.

లోపల అతికించిన ప్రమాణం ముద్ర చూడండి. సైకిల్ హెల్మెట్లకు యూరప్‌లో ఈఎన్ 1078, అమెరికాలో సీపీఎస్‌సీ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 2063 ఉంటాయి. మోటార్‌సైకిల్ హెల్మెట్లకు భారత్‌లో ఐఎస్ 4151, యూరప్‌లో ఈసీఈ 22.06. ఏ ముద్రా లేనిది ఎంత అందంగా ఉన్నా బొమ్మ హెల్మెట్ కిందే లెక్క.

హెచ్చరిక: ఏడాది నిండని పిల్లలకు హెల్మెట్ పెట్టకూడదు, వాళ్లను సైకిల్ మీద ఎక్కించుకోనూ కూడదు. ఆ బరువును, ఆ కుదుపులను తట్టుకునే బలం వాళ్ల మెడకు ఇంకా రాదు.

2. తల కొలవండి

కనుబొమలకు ఒక వేలు పైన టేపు పెట్టి, చెవుల మీదుగా, తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉండే చోటు మీదుగా చుట్టూ తిప్పండి. రెండుసార్లు కొలిచి, పెద్దగా వచ్చిన అంకె తీసుకోండి. హెల్మెట్ పెట్టె మీద సెంటీమీటర్లలో ఇచ్చిన కొలతతో దాన్ని పోల్చండి. వయసును చూసి కొనకండి. ఒకే వయసు పిల్లల తలల్లో రెండు మూడు సెంటీమీటర్ల తేడా మామూలే.

కొలత రెండు సైజులకు మధ్య పడితే రెండూ పెట్టి చూడండి. "పెరిగే పిల్లాడు కదా, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుంది" అని పెద్దది తీసుకోవడం చాలా ఇళ్లలో జరిగే పని. చెప్పులూ బట్టలూ అయితే ఫర్వాలేదు. వదులు హెల్మెట్ పడే క్షణంలో వెనక్కి జారి నుదుటిని వదిలేస్తుంది. ఈ ఏడాది తలకు ఈ ఏడాది హెల్మెట్టే కొనండి.

3. ఎంపిక పిల్లలకు వదిలేయండి, కానీ మీ జాబితాలోంచే

సైజు సరిపోయి, ముద్ర ఉన్నవి రెండు మూడు మీరు పక్కన పెట్టండి. వాటిలో రంగు, బొమ్మ వాళ్లిష్టం. "ఇది నేను ఎంచుకున్నాను" అనే భావం చిన్న విషయం కాదు. అయిదేళ్ల పిల్ల తనే ఎంచుకున్న ఎర్ర హెల్మెట్‌ను అందరికీ చూపించుకుంటూ తిరుగుతుంది. మీరు కొని తెచ్చిన నీలం హెల్మెట్ అలమారలో ఉండిపోతుంది. పన్నెండేళ్లు దాటినవాళ్లకు బొమ్మలు నచ్చవు. వాళ్ల స్నేహితులు వాడే రకం ఏదో అడిగి అదే ఇప్పించండి.

4. ఇంట్లో కూర్చోబెట్టి సర్దండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. సైకిల్ బయటపెట్టి, పిల్లలు గంతులేస్తుండగా చేసే పని కాదు. అద్దం ముందు కూర్చోబెట్టి నెమ్మదిగా చేయండి.

మొదట వెనక ఉండే డయల్‌ను పూర్తిగా వదులు చేయండి. హెల్మెట్‌ను తల మీద సమంగా ఉంచండి. ముందు అంచుకూ కనుబొమలకూ మధ్య మీ వేళ్లు ఒకటి లేదా రెండు పట్టేంత జాగా ఉండాలి. నుదురంతా కనబడుతుంటే బాగా వెనక్కి పోయినట్టు. పడేటప్పుడు ముందుగా తగిలేది ఆ నుదురే.

తర్వాత డయల్‌ను కొద్దికొద్దిగా బిగించండి. ఎక్కడైనా నొక్కుతోందా అని అడుగుతూ బిగించండి. చుట్టూ ఒకేలా పట్టినట్టు ఉండాలి, ఒక్కచోట గుచ్చుకోకూడదు. కణతల దగ్గర నొప్పి అంటే ఆ హెల్మెట్ ఆకారం ఆ తలకు సరిపడలేదేమో. కొన్ని హెల్మెట్లు గుండ్రంగా, కొన్ని కోలగా ఉంటాయి. సైజు అదే అయినా ఇంకో రకం పెట్టి చూడండి.

ఇప్పుడు పక్క పట్టీలు. ముందు నుంచి వచ్చే పట్టీ, వెనక నుంచి వచ్చే పట్టీ చెవి తమ్మెకు కాస్త కింద కలవాలి. చెవి ఆ రెండింటి మధ్య ఇరుక్కోకుండా ఉండాలి. పట్టీలు కలిసే చోట ఉన్న క్లిప్పును పైకీ కిందికీ జరిపితే ఇది కుదురుతుంది. రెండు వైపులా ఒకేలా ఉందో లేదో అద్దంలో చూడండి.

చివరగా బకిల్. పెట్టేటప్పుడు మీ చూపుడువేలు బకిల్‌కూ గడ్డం కింది చర్మానికీ మధ్య ఉంచండి. ఇరుక్కుంటే మీ వేలు ఇరుక్కోవాలి. పట్టీకీ గడ్డానికీ మధ్య ఒక వేలు దూరాలి, మహా అయితే రెండు. అంతకన్నా వదులుంటే బిగించండి. మిగిలిన పట్టీ కొసను వేలాడనివ్వకుండా రబ్బరు చుట్టులోకి దోపండి.

జుట్టు పొడవుగా ఉన్న పిల్లలకు జడ మెడ దగ్గర నుంచి మొదలయ్యేలా వేయండి. నడినెత్తిన పిలక, పెద్ద క్లిప్పులు, గట్టి హెయిర్‌బ్యాండ్ ఉంటే హెల్మెట్ పైకి లేచిపోతుంది. లోపల మందపాటి టోపీ కూడా వద్దు. చలికి తప్పనిసరైతే పలుచటిది వేసి, మళ్లీ డయల్ సర్దండి.

5. చక్రాలు ఎక్కకముందే అలవాటు చేయండి

మొదటి మూడు నాలుగు రోజులు మీరు పక్కనుండగా ఇంట్లోనే పెట్టించండి. కథ వింటూ అయిదు నిమిషాలు, మర్నాడు పది నిమిషాలు. బొమ్మకు కూడా ఒక గిన్నె బోర్లించి "దీనికీ హెల్మెట్" అంటే చిన్నవాళ్లు మహా సంతోషంగా పెట్టుకుంటారు. బకిల్ పెట్టడం, తీయడం వాళ్లకే నేర్పండి. తనంతట తాను తీయగలనని తెలిసిన పిల్లలకు అందులో ఇరుక్కుపోయానన్న భయం ఉండదు.

6. హెల్మెట్ లేకుండా చక్రం కదలదు

మొదటి సైకిల్, మొదటి స్కూటర్ వచ్చిన రోజే ఈ నియమం పెట్టండి. ఆరు నెలలు ఉత్త తలతో తొక్కాక మొదలుపెట్టడం చాలా కష్టం. మూడు చక్రాల సైకిల్‌కూ ఇదే నియమం.

పెట్టుకోనంటే వాదించకండి, కేకలేయకండి, లంచాలు ఇవ్వకండి. "సరే నాన్నా, ఇవాళ సైకిల్ వద్దులే. పెట్టుకోవాలనిపించినప్పుడు చెప్పు, తీస్తాను" అని సైకిల్ లోపల పెట్టేయండి. మొదటి రోజు ఏడుస్తారు. రెండో రోజు బేరమాడతారు. మీరు ఒక్కసారి మెత్తబడి "ఈ ఒక్కసారికి వెళ్లు" అన్నారా, తర్వాత పది రోజులు ఆ ఒక్కసారి కోసమే పేచీ పెడతారు. అమ్మమ్మ, తాతయ్య, పిన్ని, ఎవరి దగ్గర ఆడుకున్నా ఇదే నియమమని వాళ్లకూ ముందే చెప్పి ఉంచండి.

"ఇంటి ముందే కదా" అనే మాట దగ్గరే ఈ నియమం తరచూ సడలుతుంది. పిల్లలు ఎక్కువగా ఆడేది, ఎక్కువగా పడేది అక్కడే. వాహనమే గుద్దనక్కర్లేదు, చక్రం కింద చిన్న రాయి చాలు.

హెల్మెట్‌ను సైకిల్ హ్యాండిల్‌కే తగిలించి ఉంచండి. వెతుక్కోవాల్సి వస్తే మానేస్తారు.

7. మీరు పెట్టుకోండి

"నాన్నా, నువ్వు పెట్టుకోలేదుగా?" అని పిల్లలు అడిగితే జవాబు లేదు. పెద్దవాళ్లకు అక్కర్లేనిది తమకు మాత్రం ఎందుకని వాళ్లకు అనిపించడం సహజం. పైగా హెల్మెట్ చిన్నపిల్లల గుర్తు అనుకుని, పెద్దవాళ్లమైపోయాం అనిపించిన రోజున తీసి పారేస్తారు. మీరు పక్క వీధికి వెళ్లినా పెట్టుకుని వెళ్లండి, బకిల్ పెట్టుకునే చప్పుడు వాళ్లకు వినబడనివ్వండి. అన్నయ్యా అక్కా ఉంటే వాళ్లను ముందు ఒప్పించండి. చిన్నవాళ్లు మీకన్నా వాళ్లనే ఎక్కువ చూసి నేర్చుకుంటారు.

8. ఎందుకో చెప్పండి, వయసుకు తగ్గట్టు

అయిదేళ్లలోపు వాళ్లకు "నీ తల చాలా విలువైంది, దీన్ని జాగ్రత్తగా దాచుకుందాం" అంటే చాలు. రక్తం, ఆసుపత్రి, చావు లాంటి మాటలతో భయపెట్టకండి. కొందరు సైకిలే వద్దంటారు.

ఆరు నుంచి పదేళ్ల వాళ్లకు కోడిగుడ్డు ప్రయోగం బాగా పనిచేస్తుంది. రెండు పచ్చి గుడ్లు తీసుకోండి. ఒకదాన్ని ఉత్త ప్లాస్టిక్ సంచిలో, రెండోదాన్ని చుట్టూ మందంగా ఫోమ్ లేదా బుడగల కవరు చుట్టి ఇంకో సంచిలో వేయండి. నడుము ఎత్తు నుంచి రెండూ వదలమనండి. మీరు మాట్లాడక్కర్లేదు. పిల్లలు లేనప్పుడు ఒకసారి చేసి చూసుకోండి, చుట్టింది పలుచనై రెండో గుడ్డు కూడా పగిలితే పాఠం తలకిందులవుతుంది. ప్రయోగం కోసం అసలు హెల్మెట్‌ను మాత్రం విసరకండి.

ఇంకా పెద్దవాళ్లకు నిజంగా జరిగింది చెప్పండి. 1935లో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపొందిన బ్రిటిష్ సైనికాధికారి టి.ఇ. లారెన్స్ మోటార్‌సైకిల్ మీంచి పడి తలకు దెబ్బ తగిలి, ఆరు రోజుల తర్వాత చనిపోయాడు. హెల్మెట్ లేదు. ఆయనకు చికిత్స చేసిన వైద్యుల్లో ఒకరైన హ్యూ కెయిర్న్స్ ఆ మరణాన్ని మరిచిపోలేక, సైన్యంలో మోటార్‌సైకిల్ నడిపేవాళ్ల తల గాయాలను పరిశీలించి 1941లో హెల్మెట్ల ఉపయోగం గురించి రాశాడు. టీనేజీ పిల్లలు "జాగ్రత్త" అన్న మాటను పట్టించుకోరు గానీ ఇలాంటి సంగతి చెబితే ఆగి వింటారు.

పిల్లలు చెప్పే కారణాలు, మీరు చేయాల్సినవి

"ఉక్కపోస్తోంది": గాలి రంధ్రాలు ఎక్కువ ఉన్నది మార్చండి, మధ్యలో నీడన ఆపి అయిదు నిమిషాలు తీయించండి. లోపలి మెత్తలు చాలావాటికి ఊడదీయొచ్చు, వారానికోసారి ఉతికి ఆరబెడితే వాసన, దురద పోతాయి.

"అందరూ నవ్వుతున్నారు": దీన్ని కొట్టిపారేయకండి, పిల్లలకు ఇది నిజమైన బాధ. కలిసి ఆడే నలుగురి తల్లిదండ్రులతో మాట్లాడి అందరికీ ఒకే రోజు మొదలుపెట్టించండి. ఒంటరిగా ఒక్కడే పెట్టుకోవడం కష్టం, నలుగురు పెట్టుకుంటే అదే మామూలు అయిపోతుంది.

"జుట్టు పాడవుతుంది": చిన్న దువ్వెన ఒకటి సంచిలో పెట్టివ్వండి. అంతే.

"నేను పడను, నాకు బాగా వచ్చు": "నీకు బాగా వచ్చు, నిజమే. అడ్డం వచ్చే కుక్కకు తెలియదుగా" అనండి. వాళ్ల నైపుణ్యాన్ని తక్కువ చేస్తే మాట వినరు.

తరచూ జరిగే పొరపాట్లు

బకిల్ పెట్టకుండా తల మీద ఉంచుకోవడం అన్నిటికన్నా చెడ్డది. పడే క్షణంలో హెల్మెట్ ముందే ఎగిరిపోతుంది.

సైకిల్ దిగి ఉయ్యాల, జారుడుబల్ల, నిచ్చెనల మీదికి హెల్మెట్‌తోనే ఎక్కడం ఇంకో ప్రమాదం. తల సందులో ఇరుక్కుని, పట్టీ మెడకు బిగుసుకుపోవచ్చు. దీనివల్ల పిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అందుకే యూరప్‌లో చిన్నపిల్లల కోసం ఈఎన్ 1080 అని వేరే ప్రమాణం పెట్టారు. అందులో గట్టిగా లాగితే బకిల్ తనంతట తానే ఊడిపోతుంది. ఏ రకమైనా సరే, చక్రం దిగితే హెల్మెట్ తీయాలని నేర్పండి.

వాడిన హెల్మెట్ ఎవరైనా ఇస్తే, అది ఒకసారైనా గట్టిగా కొట్టుకుందో లేదో తెలియకపోతే తీసుకోకండి. రంగులు వేయొద్దు, ఘాటైన రసాయనాలతో తుడవొద్దు, అవి లోపలి పొరను తినేస్తాయి. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు చాలు. ఎండలో నిలిపిన కారులో వదలకండి. స్టిక్కర్లు అంటించొచ్చో లేదో హెల్మెట్‌తో వచ్చిన కాగితంలో చూసి అంటించండి.

సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి

బకిల్ పెట్టాక నాలుగు పరీక్షలు. నిమిషం పట్టదు.

- కళ్లు పైకెత్తి చూడమనండి. హెల్మెట్ ముందు అంచు వాళ్లకు కొద్దిగా కనబడాలి.
- పెద్దగా ఆవలించమనండి. నోరు తెరిచినప్పుడు హెల్మెట్ నడినెత్తిని కిందికి నొక్కినట్టు అనిపించాలి. ఏమీ తెలియకపోతే పట్టీ వదులు.
- రెండు చేతులతో హెల్మెట్ పట్టుకుని అటూ ఇటూ కదపండి. దానితో పాటు నుదుటి చర్మం కూడా కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే డయల్ బిగించాలి.
- ముందు అంచు పట్టుకుని వెనక్కి తోయండి. నుదురు బయటపడేంత జరిగితే చెవి ముందున్న పట్టీని బిగించండి.

ఈ పరీక్షలు నెలకోసారి చేయండి, జుట్టు కత్తిరించాక తప్పకుండా చేయండి. పట్టీలు వాడేకొద్దీ వదులవుతాయి, తలలు పెరుగుతాయి.

ఇక అలవాటు అయిందా లేదా అన్నది తెలుసుకోవడానికి ఒక్కటే దారి. ఏమీ చెప్పకుండా "సైకిల్ తొక్కుకో" అని ఊరుకోండి. కాసేపయ్యాక కిటికీలోంచి చూడండి. తనంతట తాను పెట్టుకుని ఉంటే, తర్వాత ప్రత్యేకంగా ఆ మాట అనండి: "నేను చెప్పకుండానే పెట్టుకున్నావు, చూశాను." పెట్టుకోకపోతే తిట్టొద్దు, సైకిల్ ఆ పూటకు లోపలికి.

పడితే

హెల్మెట్ ఉన్నా మెదడు అదిరిపోయే అవకాశం ఉంది. మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, ఎప్పుడూ లేని మగత, అడిగినదానికి పొంతన లేని జవాబులు, నడకలో తూలడం, మూర్ఛ, కంటిపాపల్లో ఒకటి పెద్దదిగా కనబడటం, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్లలాంటి ద్రవం కారడం, కొద్దిసేపైనా స్పృహ తప్పడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏమీ లేకపోయినా ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉండండి, ఆ రోజు మళ్లీ ఆటకు పంపకండి.

పడినప్పుడు తలతో పాటు దెబ్బ తగిలిన హెల్మెట్‌ను, పైకి గీత కూడా పడకపోయినా, మార్చేయండి. లోపలి పొర ఒకసారి నలిగితే మళ్లీ పొంగదు. పారేసే ముందు పట్టీలు కత్తిరించండి, లేకపోతే ఇంకో పిల్లాడు తీసుకుని పెట్టుకుంటాడు. కొత్తది వచ్చేదాకా సైకిల్ బయటికి తీయొద్దు.